పెద్దమేస్త్రీ వేడిగాలి ఇంజను

"మా ఆయన్ని హంతకుడంటున్నారండీ. రేపటికల్లా ఇల్లు వదిలిపొమ్మన్నాడు బాబాయి," అంటూ ఆ అమ్మాయి కుర్చీలో కూలబడింది. నిండు చూలాలు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

డిటెక్టివ్ మంచినీళ్ళ గ్లాసు ఆమె చేతికిచ్చింది. పక్కన మాస్టారు నోటుపుస్తకం తెరిచాడు. తన దగ్గర లెక్కలు తప్పి మొట్టికాయలు తిన్న పిల్లకే రిటైరయ్యాక అసిస్టెంటు కావడం ఆయనకి చెప్పలేనంత గర్వం.

సంగతి ఇది. ఆమె తండ్రి పెద్దమేస్త్రీ ఆరేళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని వేడిగాలి ఇంజను ఒకటి తయారుచేశాడు. కింద మంట పెడితే చాలు, బాయిలరూ ఆవిరీ లేకుండా నీళ్ళు తోడుతుంది. ఆదివారం మధ్యాహ్నం దాకా చక్కగా తిరిగింది. సోమవారం ఆస్పత్రివాళ్ళు నీళ్ళు తోడేందుకు కొందామని చూడవస్తే మాత్రం ఎంత తిప్పినా కదల్లేదు. వాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. ముసలాయన గుండె పట్టుకుని అక్కడే పడిపోయాడు. గంటలో ప్రాణం పోయింది. ఇంజనున్న షెడ్డు తాళంచెవులు ఇంకో ఇద్దరి దగ్గరే ఉన్నాయి: అల్లుడూ, తమ్ముడు చిన్నమేస్త్రీ.

షెడ్డులో అల్లుడు తల దించుకునే మాట్లాడాడు. "ఈ వయసులో ఈ పాట్లెందుకు మావయ్యా అని పోట్లాడిన మాట నిజమే. కానీ దాని జోలికి పోలేదండి. నాకొచ్చింది కరెంటు పనొక్కటే."

"అబద్ధం!" అన్నాడు చిన్నమేస్త్రీ. "ముప్పై ఏళ్ళు మిల్లులో ఆవిరి ఇంజన్లు చూశానమ్మా. నా చేతికింద పిస్టన్ పక్కనుంచి వెంట్రుకవాసి ఆవిరి కారి ఎరగదు. నాకు తెలీదా పనివాడి బుద్ధి? వీడే చేశాడు."

డిటెక్టివ్ పొడవాటి సిలిండరు విప్పించింది. లోపలి పెద్ద డొల్ల పిస్టన్ చుట్టూ గ్రీజు పట్టించిన తాడు మూడు చుట్లు బిగించి ఉంది. కొసలు ఏటవాలుగా కోసి ఉన్నాయి, అతుకులు తలా ఒక పక్కకి ఉన్నాయి. మాస్టారు బొమ్మ గీసుకున్నాడు. ఆమె ఇద్దరికీ తలొక తాడూ కత్తీ ఇచ్చి, "ఈ గొట్టానికి ఒక చుట్టుకి సరిపడా కోసివ్వండి," అంది. అల్లుడు తిన్నగా కోశాడు. చిన్నమేస్త్రీ చూడకుండానే ఏటవాలుగా కోశాడు.

ఆమె అందరినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టింది.

"బాయిలర్లు పేలి జనం చచ్చిపోతుంటే రెండొందల ఏళ్ళ కిందట ఒక పాస్టరు కనిపెట్టిన పద్ధతి ఇది. ఒకప్పుడు ఇళ్ళకి నీళ్ళు తోడింది, ఫ్యాన్లు తిప్పింది. కరెంటు మోటార్లొచ్చి మూల పడేశాయి. ఇందులో ఈ డొల్ల దేన్నీ నెట్టదు. లోపలి గాలిని ఓసారి వేడివైపుకీ ఓసారి చల్లవైపుకీ మారుస్తుంది, అంతే. వేడెక్కి ఉబ్బిన గాలి చిన్న పిస్టన్‌ని తోస్తుంది, చల్లబడి ముడుచుకుంటే అది వెనక్కొస్తుంది. గాలి అటూ ఇటూ వెళ్ళేది డొల్ల చుట్టూ ఉన్న సందులోంచే. అది మూస్తే ఇంజను ఇక తిరగదు. పాడుచెయ్యాలనుకున్నవాడు ఇసక పోస్తాడు, ఇంత ముద్దుగా తాడు కట్టడు. ఆవిరి కారకుండా పిస్టన్‌కి ఇలా ఏటవాలుగా కోసి కట్టేది ఆవిరి ఫిట్టరే." ఆమె గొంతు తగ్గించింది. "మీరు మంచికే చేశారు కదూ?"

చిన్నమేస్త్రీ చేతిలోని తాడుముక్కని బల్లమీద పెట్టేశాడు.

"పిస్టన్ అరిగి సందు పడిందనుకున్నానమ్మా. ఆదివారం సాయంత్రం అన్నయ్య బజారుకెళ్తే బిగించాను. ఇంకా జోరుగా తిరిగితే మురిసిపోతాడనుకున్నాను. నా కట్టు వల్ల ఆగుతుందని కల్లో కూడా అనుకోలేదు."

అమ్మాయి భర్త చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. మాస్టారికి దుఃఖం ఆగలేదు, రాయడం మానేశాడు.

"పోయేముందు అన్నయ్య 'ఎవర్రా చేసింది?' అనడిగాడు," అన్నాడు చిన్నమేస్త్రీ. "నీ అల్లుడేనని నేనే చెప్పాను. అదే నమ్ముకుని పోయాడు. ఇప్పుడెక్కడికెళ్ళి చెప్పుకోనమ్మా, కాదని?"

అల్లుడే లేచి వెళ్ళి, ఆయన భుజం పట్టుకుని, "ఇంటికి పదండి మావయ్యా," అన్నాడు.