గీత కదల్లేదు

"మీ ఆవిడ పార్టీ మార్చిందని అనుమానం," అన్నాడు చీఫ్.

ఏజెంట్ పిడుగు టీ కప్పు దించాడు. డిపార్టుమెంటు అతనికి ఆ పేరు పెట్టింది ఎక్కడ పడతాడో ఎవరికీ తెలియదని. పడేది మాత్రం ఎప్పుడూ తప్పుచోటే.

"ఆధారం?"

"కొన్నాళ్లుగా రిపోర్టు లేదు. 'తుప్పు' ముఠాలోకి ఆవిణ్ణి పంపింది మనమే. ఇప్పుడు వాళ్ల మనిషి పక్కనుంచి కదలడం లేదు. వాడు పవర్‌హౌస్‌లో విదేశీ కన్సల్టెంటు వేషంలో ఉన్నాడు. పెద్ద టర్బైన్ని పేల్చెయ్యాలని ప్లాను. పేలితే ఊరంతా చీకటి, హాల్లో పనివాళ్లంతా బూడిద. ఎలా పేలుస్తారో తెలియదు."

చీఫ్ ఒక ఫొటో ముందుకి తోశాడు. ఆరడుగుల ఎత్తు, నున్నటి గడ్డం, చెంప మీద సొట్ట. పిడుగు చూసిన చూపుకి ఆ ఫొటో అంటుకోవాల్సింది.

"ఆవిడ నిజంగా మారితే?"

"నువ్వే అరెస్టు చెయ్యాలి. మొగుడివని మినహాయింపు లేదు."

"ఈ సొట్ట పుట్టుకతో వచ్చిందాండీ, పెట్టించుకున్నాడా?"

"పిడుగూ! నువ్వు చూడాల్సింది టర్బైన్ని!"

మర్నాడు మధ్యాహ్నం పవర్‌హౌస్ కంట్రోల్ రూములో ఒక ఏసీ మెకానిక్ నిచ్చెనెక్కాడు. మీసం అద్దెది. మొహం మీద కుళ్లు మాత్రం సొంతం. గాజుగోడ అవతల టర్బైన్ హాలు, ఇవతల షిఫ్ట్ ఇంజనీరు, అతని ముందు పెద్ద తెర, తెర నిండా పచ్చటి గీతలు.

"ఏంటి సార్ ఈ గీతలు?"

"యంత్రానికి నాడి చూడ్డమయ్యా. బేరింగ్ బేరింగ్‌కీ సెన్సారుంటుంది. ఎంత వణుకుతోందో ఎప్పటికప్పుడు ఇక్కడికి చెబుతుంది. వణుకు హద్దు దాటితే టర్బైన్ దానంతటదే ఆగిపోతుంది."

"సెన్సారే చచ్చిపోతే?"

"అందుకే డ్యూటీ ఎక్కగానే మావాళ్లు దాన్ని వేలికణుపుతో కొట్టి చూస్తారు. ఇక్కడ గీత ఎగిరిపడితే బతికున్నట్టు. ఇవాళ కొట్టలేదులే. 'సెన్సార్ల తీగకి కొత్త బాక్సు తగిలించాను, ముట్టుకోవద్దు' అన్నారు కన్సల్టెంటుగారు."

పిడుగు ఈ మాటలు సగమే విన్నాడు. మిగతా సగం చెవి హాల్లోకి పోయింది. అక్కడ మూడో బేరింగ్ దగ్గర అతని భార్య నిలబడి ఉంది. ఎర్ర హెల్మెట్టు, చెవులకి మఫ్‌లు, అయినా ఎంత బాగుందో! పక్కనే సొట్టబుగ్గ. ఒక చెయ్యి ఆయిల్ వాల్వు మీద, రెండోది ఆమె నడుము వెనకాల!

అందరూ కనిపెట్టేది టర్బైన్ కంపనం. పిడుగుకి పట్టుకుంది కంపరం.

జేబులోంచి స్పెషల్ పెన్ను తీశాడు. బేరింగ్ చప్పుడు దూరంనుంచి వినమని డిపార్టుమెంటు ఇచ్చిన పెన్ను అది. దాన్ని గాజుగోడకి ఆనించి, బేరింగ్‌ని వదిలేసి పెళ్లాం వైపు తిప్పాడు. చెవి పగిలే హోరు తప్ప ఒక్క ముక్క వినపడలేదు. ఆ హోరు వల్లే కాబోలు, సొట్టబుగ్గ ఆమె మఫ్ పక్కకి జరిపి చెవిలో నోరు పెట్టి చెబుతున్నాడు. ఆమె నవ్వింది. మళ్లీ చెప్పాడు. మళ్లీ నవ్వింది, తల వెనక్కి వాల్చి మరీ.

'నా జోకులకి ఆవలింతలు! వీడికి పళ్లన్నీ!' పిడుగు నడుముకున్న బేడీలు తడిమాడు. కేసు తేలిపోయింది.

అంతలో ఆమె చెయ్యి బేరింగ్ మీదికి పోయింది. వేళ్లు ఊరికే ఆడుతున్నట్టు సెన్సార్ మీద కొట్టింది. టక్. కాస్త ఆగి, టక్ టక్.

పిడుగుకి ఒళ్లు మండిపోయింది. ఇంట్లో కాలింగ్ బెల్లు ఉన్నా ఆమె ఏనాడూ నొక్కదు. సరిగ్గా అలాగే తడుతుంది. "తలుపు తియ్యి, నేనే" అని దానర్థం. 'మా ఇంటి తట్టు! వాడి ముందా!'

మళ్లీ తట్టింది. ఈసారి గట్టిగా.

కోపంగా మొహం తిప్పుకున్నాడు. తిప్పుకున్న మొహానికి తెర ఎదురైంది. మూడో బేరింగ్ గీత పచ్చగా, తిన్నగా, ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది. అవతల ఆమె కొడుతూనే ఉంది.

గీత కదల్లేదు.

పిడుగు నిచ్చెన మీంచి దూకాడు. ఎర్ర బటన్ మీది మూత ఎత్తాడు. ఇంజనీరు అతని మెడ పట్టుకున్నాడు.

"ఓరి నీ ఏసీ తగలెయ్య! అది టర్బైన్ని ఆపేసే ఎమర్జెన్సీ ట్రిప్పు! ఊరికి కరెంటు పోతుంది, నాకు ఉద్యోగం పోతుంది! అన్నీ పచ్చగానే ఉన్నాయి కదయ్యా!"

"అదే సార్ రోగం! ఆవిడ సెన్సార్ని కొడుతుంటే మీ గీత ఎగరదేం? ఆ బాక్సు పాత రికార్డింగు తిప్పుతోంది!"

ఇంజనీరు హాల్లోకి చూశాడు. తెర చూశాడు. పట్టు సడలింది. మెడ మీంచి జారిన చేతికి తగిలి మీసం ఊడొచ్చింది. పిడుగు బటన్ నొక్కాడు.

టర్బైన్ మూలిగింది. హోరు మెల్లగా దిగింది. మూడో బేరింగ్ లోంచి నల్లటి పొగ లేచింది. పరిగెత్తబోయిన సొట్టబుగ్గకి పిడుగు భార్య కాలు అడ్డం పెట్టింది. వాడు బోర్లాపడ్డాడు. రెండో బుగ్గకీ సొట్ట పడింది.

బేరింగ్ విప్పి చూసిన ఇంజనీరు మొహం పాలిపోయింది. "లోపలి లోహం కరిగిపోయింది! ఆయిల్ కట్టేశాడు వెధవ. ఇంకో నిమిషం తిరిగితే షాఫ్టు పైకప్పు చీల్చుకుపోయేది."

సొట్టబుగ్గకి బేడీలు వేసి పిడుగు భార్య వైపు తిరిగాడు. "నడుము మీద చెయ్యేమిటి?"

"చెయ్యి కాదు, పిస్తోలు. ఫోన్ కూడా లాక్కున్నాడు. గాజుగోడ అవతల ఆ దిక్కుమాలిన మీసం చూసి నువ్వేనని గుర్తుపట్టా. ఇందాకట్నుంచీ తడుతున్నా. నువ్వేమో నా వేళ్లొదిలేసి పళ్లు లెక్కపెడుతున్నావ్!"

పిడుగు తల దించుకున్నాడు. కానీ లోపల ముల్లు ఇంకా కదులుతోంది.

"ఇంతకీ చెవిలో ఏం చెప్పాడు?"

"ఎవడికి తెలుసు? ఆ రొదలో ఒక్క ముక్క వినపడితేగా! నా తట్టు మీద వాడికి అనుమానం రాకూడదని వాడి నోరు కదిలినప్పుడల్లా నవ్వాను."

"వినపడకుండానే అంత బాగా నవ్వావా? మరి నేను జోకులేస్తే ఎప్పుడూ నవ్వవేం?"

ఆమె హెల్మెట్టు తీసి అతని చేతిలో పెట్టింది.

"నీవి వినపడతాయిగా!"