సోమలింగాచారి చెయ్యి

ఎర్రగా కాలిన గునపాన్ని మయబ్రహ్మం దాగలి మీద పెట్టాడు. అతని చిన్న సుత్తి తగిలిన చోటే మాణిక్యాంబ సమ్మెట వేసింది. సుత్తి చోటు చూపిస్తుంది, సమ్మెట బదులిస్తుంది. పెళ్లయిన నాటి నుంచీ ఆమె భర్త సోమలింగాచారితో కొలిమి దగ్గర అలాగే మాట్లాడింది. ఆయన పోయిన ఈ ఏడాదీ, కొడుకు చేతిలోంచి ఆయనతోనే మాట్లాడుతోంది.

అంతా చేతిజాడ మహిమ. పనివాడి చేతి కదలికలన్నీ దాచుకునే పల్చని తొడుగు అది. మోచేతి దాకా తొడుక్కున్నవాడి చేత అదే పని చేయిస్తుంది. ఈ గోదావరి లంకలో ఇప్పుడు ఎవరూ పని నేర్చుకోనక్కర్లేదు. పోయినవాళ్ల చేతులే వలలు అల్లుతున్నాయి, పడవలకు మేకులు కొడుతున్నాయి. సోమలింగాచారి కూడా మంచాన పడకముందే తన చెయ్యి దాచి వెళ్లాడు.

సమ్మెట దించి చెమట తుడుచుకుంటూ ఆమె గోడవైపు చూసింది. తొడుగు చిలక్కొయ్యకే వేలాడుతోంది.

"అబ్బాయ్, అది తొడుక్కోలేదా?"

మయబ్రహ్మం తన చెయ్యి చూసుకున్నాడు. అది ఇంకో దెబ్బ వేసి, ఆమె సమ్మెట కోసం ఆగింది. అయితే పని వచ్చేసిందన్నమాట అని నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం కోడలు హైమ పిల్లను చంకనేసుకుని వంటింట్లోకి వచ్చింది. కొన్నాళ్లుగా నిద్రలో ఆ చెయ్యి మంచంపట్టె మీద కొట్టి, బదులు కోసం ఆగుతోందట. పిల్లను అటుపక్క పడుకోబెట్టడం మానేసిందట.

"ఆయన ఎడంచేత్తోనే నన్ను తాకుతున్నారత్తయ్యా. కుడిచెయ్యి తనది కాదంటున్నారు."

మర్నాడే సంవత్సరీకం. పిండం అందితే ఆయన వెళ్లిపోతాడు, కొడుకు చెయ్యి కొడుక్కి వస్తుంది అని మాణిక్యాంబ నమ్మింది. పెట్టేది ఆ చెయ్యే, పుచ్చుకునేది ఆ చేతివాడే కదా అన్న సందేహమూ రాకపోలేదు. దానికి ఏ శాస్త్రంలో జవాబుందో ఆమెకు తెలియదు. విశ్వకర్మకు దణ్ణం పెట్టుకుని పడుకుంది.

ఏటి ఒడ్డున ఇసుకలో దర్భలు పరిచారు. పురోహితుడు మంత్రం చెప్పి పిండం వదలమన్నాడు. పిండం చేతిలోనే ఉంది. ఆయన మళ్లీ చెప్పాడు.

"వదలరా," అంది మాణిక్యాంబ.

"నేను వదిలేశానమ్మా."

ఆమె వెళ్లి ఎదురుగా కూర్చుంది. "ఏవండీ, పనయిపోయింది," అంది మెల్లగా. ఆ చేతికి చెవులు లేవు. దాని మనిషి పోయాడని దానికి ఎవరు చెబుతారు? ఒక్కో వేలూ పట్టి తెరిచింది. పిండం దర్భల మీదికి జారింది. పురోహితుడు ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడు ఆ వేళ్లు ఆమె వేళ్ల చుట్టూ ముడుచుకున్నాయి. బొటనవేలు ఆమె అరచేతిలో సమ్మెట పట్టి కాసిన కాయలను ఒక్కొక్కటే తడిమింది. కొలిమి ఆర్పేశాక, ఎవరూ లేనప్పుడు సోమలింగాచారి చేసే పని అది. ఏ తొడుగులోనూ దాన్ని దాచలేదు.

"నేను కాదమ్మా," అన్నాడు మయబ్రహ్మం. "విడిపించవే."

గట్టు మీద హైమ పిల్లను గుండెకు అదుముకుని ఇటే చూస్తోంది. మాణిక్యాంబ ఆమెను చూసింది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.