అన్నీ ముందే చెప్పే గోరువంక

పెద్దేరు పొంగి కోటగోడను తాకిన వరదకు మూడో ఏడు అది. తెగిన చెరువుకట్ట తెగినట్టే ఉంది. కట్టించమని అడిగితే రాజు, "కట్టేదుంటే అదే కట్టుకుంటుంది" అనేవాడు. ఒక గోరువంక ఏడాదిపాటు ఆయన కిటికీలో వాలి, ఆయన చేయబోయే ప్రతి పనీ ముందే చెప్పింది. ఒక్కటీ తప్పలేదు. దాంతో రాజు ఏదీ తలపెట్టడం మానేశాడు. అది పక్షి కాదు పిల్లలూ, రాక్షసుడు. నల్లకొండ అంచున పట్టిన తేనె రాజు నాలుకకు రాస్తే మాయ వదులుతుందని వైద్యుడు చెప్పాడు. తెచ్చినవాడికి అడవి మీద పెత్తనం ఇస్తామని దండోరా వేశారు.

కొండతేనె దించగలవాళ్ళు ఇద్దరే. బయ్యన్న, అతని చిన్నాన్న కొడుకు గంగులు. గంగులంటే బయ్యన్నకు కడుపుమంట. తేనెటీగలు బయ్యన్నను కుట్టేవి, గంగులు చేతి మీద ఊరికే నడిచి పోయేవి. గంగులు తెచ్చిన తేనే తియ్యన అని ఊరంతా అనేది. బయ్యన్న తల్లి కూడా అనేది.

ఇద్దరూ బయలుదేరారు. దారి చీలిన చోట గోరువంక ఎదురైంది. ముందు గంగులు భుజం మీద వాలి చెవిలో ఏదో ఊదింది. పక్షికి కూడా వాడే కావాలి, అనుకున్నాడు బయ్యన్న.

"బయ్యన్నా, నువ్వు ఎడమకు పో" అంది గోరువంక.

బయ్యన్న పంతంకొద్దీ కుడికి తిరిగాడు. గంగులు నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఎడమ అంటే నువ్వు కుడికి తిరుగుతావని నా చెవిలో చెప్పిందన్నా."

ఆ నవ్వు బయ్యన్నకు ముల్లులా దిగింది.

కొండ అంచుకు చేరారు. తేనె దించేవాడికి పైన తాడు పట్టేది బావమరిది. తన అక్కచెల్లెళ్ళ తాళి తానే తెంచడు గనక. అన్నదమ్ముల చేత పట్టించరు, ఒకడు పోతే ఇంకొకడికి వాటా కలిసొస్తుంది. గంగులుకు పెళ్ళే కాలేదు. తాడు బయ్యన్న పట్టాల్సి వచ్చింది. బండకు ఒక చుట్టు చుట్టి వదులుతుంటే, గంగులు కిందికి దిగాడు.

గోరువంక రాక్షసుడై పక్కన కూర్చుంది.

"పది ఊపిరుల్లో తాడు కోస్తావు" అన్నాడు రాక్షసుడు.

"కొయ్యను."

"నువ్వు అనుకోకముందే నీ తలలో మెరుపు మెరుస్తుంది, నాకది కనబడుతుంది. ఆ మెరుపు నీ తాత రక్తంలోంచి వచ్చింది, నీ తల్లి మాటల్లోంచి వచ్చింది, పొద్దున కుట్టిన ఈగలోంచి వచ్చింది. నేనే అనుకున్నానని నువ్వు చెప్పుకునేది ఆ తరవాత. నా మాట తప్పితే నా తల పగులుతుంది. ఇంతవరకు పగల్లేదు. నీ చెయ్యి చూసుకో."

చెయ్యి మొలలో దోపుకున్న కొడవలి పిడి మీద ఉంది. ఎప్పుడు పోయిందో బయ్యన్నకు తెలియదు.

"ఒరే గంగులూ, నా చెయ్యి కొడవలి మీదికి పోయిందిరా" అని కిందికి కేకేశాడు.

"తెలుసన్నా. బయలుదేరేటప్పుడే నీ మొహం చూశా."

"తెలిసే దిగావా?"

"నువ్వు కాకపోతే తాడు ఎవరు పడతారు? అరవకు, ఈగలు లేస్తాయి."

బయ్యన్న కొడవలిని పక్కలోయలోకి విసిరేశాడు. మిగిలిన తాడు కొస తన నడుముకు బిగించి మూడు ముళ్ళు వేశాడు. ఇక గంగులు పడితే తనూ పడతాడు.

"నీ కడుపులో మంట అలాగే ఉంది" అన్నాడు రాక్షసుడు.

"ఉండనీ. నడుముకు తాడు కూడా ఉంది."

పది ఊపిరులు గడిచాయి. పదకొండోదానికి రాక్షసుడి తల పగిలి, కొండంతా ఈకలు రాలాయి.

తేనె నాలుకకు తగలగానే రాజు లేచి నిలబడ్డాడు. "పారలు తెప్పించండి, కట్ట మీదికి నేనూ వస్తాను" అన్నాడు. అడవి పెత్తనం మాత్రం తేనె దించిన గంగులుకే ఇచ్చారు. ఏనుగు మీద ఊరేగించారు. ఏనుగు వెనక నడుస్తున్న బయ్యన్నకు మళ్ళీ మంట పుట్టింది.

మర్నాడు తెల్లవారగానే బయ్యన్న గంగులు గుడిసెకు వెళ్ళి, గుమ్మంలో నిలబడ్డాడు.

"ఈ పొద్దు కూడా ఉందిరా" అన్నాడు.

"ఎంతుంది?" అన్నాడు గంగులు అంబలి కలుపుతూ.

"నిన్నటికన్నా ఎక్కువే."

గంగులు జరిగి చోటిచ్చాడు. బయ్యన్న కూర్చుని అంబలి తాగాడు.