గాలం వేసి వెళ్లిన మనిషి

పొద్దున ఏడింటికి ఇన్నమ్మ టీ పట్టుకుని ముందు గదిలోకి వచ్చేసరికి కంప్యూటర్ ముందు కుర్చీ ఖాళీగా ఉంది. తెర మీద బొమ్మ చెరువు, అందులో గాలం బెండు నింపాదిగా ఊగుతోంది. భర్త అంతోనయ్య లేడు. తలుపు మూలన ఉండే అసలు గాలం కర్రా లేదు.

ఆమె టీ అక్కడే పెట్టేసి, లోపల ఉన్న కూతుర్ని కేకేసింది. మూడు నెలల క్రితం ఊరి చెరువులో చేపలు పడుతూ ఆయన ఫిట్స్ వచ్చి నీళ్లలో పడ్డాడు. పక్కింటి బొజ్జయ్య చూసి లాగబట్టి బతికాడు. ఇక నీళ్ల దగ్గరికి పోవద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. దిగులుతో మనిషి అన్నం మానేస్తే, సత్తుపల్లిలో డీటీపీ పని చేసే కూతురు తబిత పాత కంప్యూటర్ తెచ్చి చేపలు పట్టే ఆట పెట్టింది. అప్పటినుంచి మళ్లీ తింటున్నాడు.

"అంతా నీ వల్లనే," అంది ఇన్నమ్మ కూతురితో. "మరిసిపోయే మనిషికి రోజూ చెరువు సూపెట్టినవ్. మళ్ల మనసు గుంజింది."

"నాయన నాలుగు మెతుకులు తినాలని పెట్టిన్నమ్మా," కళ్లు తుడుచుకుంటూ అంది తబిత. "ముందు జల్దీ పద, చెరువు కాడికి పోదాం."

చెప్పులైనా వేసుకోకుండా ఇద్దరూ గేటు దాటారు. ఎదురుగా అంతోనయ్య, నోట్లో వేపపుల్లతో తాపీగా వస్తున్నాడు. లుంగీ పొడిగా ఉంది.

"ఆట నడుస్తాంటే ఇడిసిపెట్టి ఎటు పోయినవయ్యా?" అడిగింది ఇన్నమ్మ.

"గాలం ఏసి ముంగటనే కూసుంటరా ఎవరన్న? నీడ పడితే చేప రాదు. గందుకే పక్కకు పోయిన. పడ్డదా?"

తబితకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఇన్నమ్మకు రాలేదు.

"మరి కర్రేది?"

"బొజ్జయ్యకిచ్చిన. నేను పెరట్లకు పోయినా నువ్వు ముందు కర్ర ఉన్నదా అని ఆ మూల దిక్కు చూసి, తర్వాత నన్ను పిలుస్తన్నవ్. నాకు తెల్వదనుకున్నవా?"

ఇన్నమ్మ అరుగు మీద కూలబడి ఏడ్చింది. ఇన్నాళ్లూ బిగబట్టిందంతా ఒక్కసారే బయటికొచ్చింది. ముప్పై ఏళ్లు ఆయన చేతిలో నలిగిన కర్ర అది.

"మనసెట్ల ఒప్పిందయ్యా?"

"ఒప్పలే. ఇచ్చినంక రెండు మాట్ల ఎనక్కి మళ్లి చూసిన. గని నువ్వు కంటినిండ నిద్రపోక మూడు నెలలాయె."

ఆ మధ్యాహ్నం ఇన్నమ్మ చాప పరుచుకుని ఆదమరచి నిద్రపోయింది. పక్క గదిలో ఆయన ఉన్నాడో లేడో ఒక్కసారి కూడా లేచి చూడలేదు.