పన్నెండో నంబరు క్వార్టర్లో ఊపిరి

మా బాబాయి పనిచేసే పాము విషం కేంద్రంలో పన్నెండో నంబరు క్వార్టర్ పేరెత్తితే చాలు, రోజూ నాగుపాముల దగ్గర విషం తీసేవాళ్లు కూడా మాట మార్చేవారట. రాత్రయితే అందులో ఎవరో గట్టిగా ఊపిరి తీసుకుంటారు... తీసుకుంటూనే ఉంటారు. ఆరేళ్లుగా దానికి తాళమే.

"ఆ తాళం నాకివ్వండి సార్" అన్నాడు బాబాయి మేనేజరుతో.

కొత్తగా పెళ్లయింది మరి! పిన్ని ఆస్పత్రిలో నర్సు. కాపురానికి ఇల్లు దొరక్క నాలుగు నెలలుగా పుట్టింట్లోనే ఉంది. ఈయన ఎప్పుడెళ్లినా మామగారు పక్కనే కుర్చీ వేసుకుని పేపరంతా చదివి వినిపించేవారట. ఎన్నాళ్లని ఓర్చుకుంటాడు పాపం!

పిన్ని మాత్రం తెగేసి చెప్పింది.

"ముందు నువ్వొక్కడివే ఒక రాత్రి పడుకో. అప్పటిదాకా నేనా గడప తొక్కను."

మా బాబాయి తాచుపామును తోక పట్టుకుని అవలీలగా ఎత్తేస్తాడు. దెయ్యమంటే మాత్రం పై ప్రాణాలు పైనే పోతాయి. అయినా చాపా, దుప్పటీ, టార్చిలైటూ పట్టుకుని వెళ్లాడు. కరెంటు లేదు. తలుపు దగ్గరగా వేసి పడుకున్నాడు.

ఉస్స్...

ఆగింది. మళ్లీ —

ఉస్స్స్...

"ఎ... ఎవరండీ?" అన్నాడు. మర్యాద తగ్గితే దెయ్యానికి కోపమొస్తుందని 'అండీ' చేర్చాడట.

పైనుంచి ఏదో పల్చగా, పొడిగా వేలాడుతూ వచ్చి... చెంపను నిమిరింది.

దుప్పటి ముసుగేశాడు. పారిపోదామనుకున్నాడు. పారిపోతే మళ్లీ మామగారి పేపరే! ఆ తలపుతో ఎక్కడలేని తెగువ వచ్చి టార్చి వేశాడు.

అటక అంచున వేలాడుతోంది — కుబుసం. దాని వెనక పడగ విప్పి ఐదడుగుల నాగుపాము.

"హమ్మయ్య... పామే!"

ఆరేళ్లుగా అక్కడ ఒక్కడికీ ఈ ముక్క తట్టలేదు. వాళ్ల దృష్టిలో పామంటే మూతికి గుడ్డ కట్టిన కుండలో ఉండేది. ఇంట్లో బుస వినిపిస్తే అది దెయ్యమే!

బాబాయి పడీపడీ నవ్వాడట. నవ్వుతూనే దాన్ని పట్టి, మూలనున్న ఖాళీ కుండలోకి దింపి గుడ్డ బిగించాడు. నవ్వు ఆగడం లేదు.

టక్... టక్.

నవ్వు ఆగిపోయింది. పాములు తలుపు కొట్టవు కదా!

తలుపు మెల్లగా తెరుచుకుంది. నిలువెల్లా తెలుపు. ముఖం కనబడదు...

"ఉన్నావా?" అని గుసగుస.

బాబాయి నిలుచున్నవాడు నిలుచున్నట్టే వెల్లకిలా పడ్డాడు.

పాపం, పిన్ని! డ్యూటీ దిగాక మనసు ఆగక, యూనిఫాం కూడా మార్చుకోకుండా వచ్చేసింది. ఒక్క గెంతులో గడప దాటి, తన సంచిలోని సీసా తీసి ఆయన మొహాన నీళ్లు చిలకరించింది.

కళ్లు తెరిచాడు. "గడప తొక్కనన్నావు..."

"నోర్మూసుకో! పోయావనుకున్నాను" అంటూ ఏడ్చింది, నవ్వింది. అప్పుడు కుండ కనబడింది. "అందులో ఏముంది?"

"ఇన్నాళ్లూ మనల్ని విడదీసిన దెయ్యం. పడగ కూడా ఉంది."

పిన్ని రెండడుగులు వెనక్కి వేసి, కుండ వంకే చూస్తూ అడిగింది.

"గట్టిగా కట్టావా?"

"కట్టా."

"అయితే తలుపు గడియ పెట్టు."