నిమిషానికొక తూటా

శనివారం. ఉదయం 11:35. జింకల సీజన్ మొదటి రోజు.

ఓక్ చెట్టుకి పదహారడుగుల ఎత్తున ఆర్లో టెష్ వేలాడుతున్నాడు.

ఒంటిమీద నారింజ రంగు కోటు. తొడలకి, ఛాతీకి హార్నెస్ పట్టీలు. గాయం లేదు. తలకి పైన, చెట్టు మీద కూర్చుని వేటాడే ట్రీ స్టాండ్ సీటు చెట్టుని కరుచుకుని అలాగే ఉంది. పాదాలు పెట్టుకునే పలక మాత్రం కింద మంచులో పడి ఉంది.

డిటెక్టివ్ హావ్లిక్ పైకి చూసి టోపీ తీశాడు. విస్కాన్సిన్‌లో ఆ కౌంటీ వేటగాళ్ళలో సగంమంది ఎక్కేది ఆర్లో డిజైన్ చేసిన స్టాండే. హావ్లిక్ ఎక్కేదీ అదే.

"పడిపోకుండా పట్టీలు ఆపాయి," అన్నాడు డాక్టర్. "కానీ అలా వేలాడితే కాళ్ళలో రక్తం పైకి రాదు. అరగంట చాలు. తొమ్మిదిన్నర ప్రాంతంలో పోయాడు."

సీటు, పలక. స్టాండుకి ఇవి రెండే ముక్కలు. సీటు పైకి జరిపి, పాదాలతో పలకని లాక్కుంటూ, గొంగళిపురుగులా చెట్టు పాకాలి. రెండింటినీ కలిపేది ఒక్క తాడు. అది ఉంటే పలక జారినా మళ్ళీ అందుతుంది.

ఆ తాడు తెగింది.

హావ్లిక్ కొసలు చూశాడు. కత్తి గాటు కాదు. పీచుపీచుగా చీకిపోయింది.

చెట్టు మొదట్లో మూడు ఖాళీ తూటా గొట్టాలు. చుట్టూ రక్తపు బొట్టు లేదు. జింక అడుగు లేదు.

మధ్యాహ్నం 1:10. ఆర్లో భార్య మార్లిస్ వచ్చింది. ఏడవలేదు. తాడు చేతిలోకి తీసుకుంది.

"ఇది మా ఆయన తాడు కాదు."

"ఖాయమేనా?"

"చర్చిలో కూడా అదే గోల హావ్లిక్. తాడు చూసుకున్నారా, తాడు చూసుకున్నారా అని. ఆ మనిషి చీకిన తాడు కట్టుకుని చెట్టెక్కుతాడా?"

"మరి ఎవరిది?"

ఆమె వేలు ఆర్లో తమ్ముడి మీదికి వెళ్ళింది. డ్వేన్. శవాన్ని చూసి కబురు చేసింది అతనే. ఇరవై రెండేళ్ళుగా ఒకే షెడ్డులో అన్నతో కలిసి స్టాండ్లు చేసినవాడు.

"వీడిది. నిన్న సాయంత్రం బార్ నుంచి మా ఆయన ఫోన్ చేసి చెప్పాడు. మార్చుకోరా అంటే మీదమీదికొచ్చాడట. మార్చాడుగా! చీకింది అన్నకి కట్టి, కొత్తది తను ఉంచుకున్నాడు. నాకొక్కటే చెప్పు. వీడు నా మొగుణ్ణి చంపాడా, లేదా?"

"వదినా..." అన్నాడు డ్వేన్.

2:05. అన్నదమ్ముల వేట క్యాబిన్. హావ్లిక్, డ్వేన్ ఒకే క్లాసులో చదువు మానేసిన వాళ్ళు. మర్యాదలు లేవు.

"గొడవ దేనికిరా?"

"కొత్త మోడల్‌కి. తాడు తీసేసి ఇనపతీగ వేద్దామంటాడు. అరకిలో పెరుగుతుంది. వీపున వేసుకుని మూడు మైళ్ళు నడిచేవాడు అది మోస్తాడా? అదే అన్నా."

"దానికేనా?"

"నా స్టాండు బార్‌లోకి మోసుకొచ్చి తాడు చూపించాడు. చూడండ్రా మా తమ్ముడి తెలివి అన్నాడు. ఇరవై మంది నవ్వారు. నువ్వుంటే నువ్వూ నవ్వేవాడివి."

"పొద్దున?"

"ఐదింటికి వెళ్ళాడు. నేను పలకరించలేదు. గోడవైపు తిరిగి పడుకున్నా."

"నువ్వు వేటకి వెళ్ళలేదా?"

"లేదు. నా స్టాండు వరండాలో ఉంది. నిన్నటినుంచి ముట్టుకోలేదు."

హావ్లిక్ వరండాలోకి వెళ్ళాడు. చాలాసేపు వంగి చూశాడు. లోపలికొచ్చాక తలుపు వెనకవైపు చూశాడు. ఏ వేట క్యాంపులోనైనా ఉన్నట్టే, అక్కడ సుద్దముక్కతో మొదటి రోజు తుపాకి మోతల లెక్క. ఏ వైపు, ఎన్నింటికి.

తూర్పు. 7:12. 7:13. 7:14. పక్కనే, 'మా అన్న. మూడూ గురి తప్పాయి!'

పొద్దున అది చదివి హావ్లిక్ వెంట వచ్చిన ఇద్దరు డిప్యూటీ పోలీసులు నవ్వారు.

4:20. క్యాబిన్ వంటగది. బల్లకి అటు మార్లిస్, ఇటు డ్వేన్.

"డ్వేన్ తాడు మార్చలేదు," అన్నాడు హావ్లిక్. "వాడి స్టాండుకి కొత్త తాడుంది. మూడు మెలికల ముడి, కొస లైటర్‌తో కాల్చి ఉంది. తెగిన తాడుకీ అదే ముడి, అదే కాల్పు. లైటర్ ఆర్లో జేబులో దొరికింది. వీడి కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. షెడ్డులో రేకులు వంచే ప్రెస్సులో పోయాయి. ఆ ముడి వీడికి పడదు."

"అంటే?"

"పొద్దున వెళ్తూ ఆర్లోనే మార్చాడు. తమ్ముడు లేచాక ఆ చీకిన తాడుతోనే ఎక్కుతాడని తనది వాడికి కట్టాడు. ఒక్క పూటకి ఆగుతుందిలే అని వాడిది తను కట్టుకున్నాడు."

మార్లిస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

డ్వేన్ లేచి వరండా తలుపు దాకా వెళ్ళాడు. తెరవలేదు.

"ఇంకొకటుంది," అన్నాడు హావ్లిక్. అతని గొంతులో పోలీసు లేడు. "జింకని కొట్టేవాడు గడియారం చూసుకుని నిమిషానికొకటి కాల్చడు. నిమిషానికొకటి, మూడు. అంటే ఆపదలో ఉన్నా, రమ్మని. ఆ చెట్టు దగ్గర ఫోన్ అందదు. పలక పడిపోయాక ఆర్లో సీటులో కూర్చుని కాల్చాడు. నువ్వు మూడుసార్లు టైమ్ చూసి రాశావు డ్వేన్. నీకు తెలుసు."

పొయ్యిలో కట్టె చిటపటమంది.

"తెలుసు," అన్నాడు డ్వేన్. "మా నాన్న నేర్పిన సైగ అది. పలక జారుంటుంది అనుకున్నా. సీట్లో ఉన్నాడు, పట్టీలున్నాయి, ఏం కాదు. గంటసేపు చలిలో కూర్చుంటే బుద్ధొస్తుంది అనుకున్నా. ఎనిమిదిన్నరకి వెళ్దామనే అనుకున్నానురా. గుడ్లు వేసుకుని తిన్నా. పొయ్యి పక్కన కళ్ళు మూతలు పడ్డాయి. లేచేసరికి పది దాటింది."

"దాదాపు రెండు గంటలు చూశాడు నీ కోసం," అన్నాడు హావ్లిక్. "కాళ్ళు కొయ్యబారాక దిగబోయి జారాడు."

డ్వేన్ వచ్చి రెండు చేతులూ ముందుకి చాచాడు.

"పద. తీసుకెళ్ళు."

"ఏ కేసు మీద?"

"ఏదో ఒకటి రాయరా. చేతులకి అవి వెయ్యి."

హావ్లిక్ నోట్‌బుక్ మూసేశాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఎన్నో సెక్షన్లు రాశాడు. అలకకి సెక్షన్ లేదు.

"హావ్లిక్," అంది మార్లిస్. "వీడే చంపి ఉంటే బావుండేది. తిట్టుకుంటూ బతికేదాన్ని."

ఆమె కోటు వేసుకుని బయటికి నడిచింది. కారు స్టార్టయిన శబ్దం.

డ్వేన్ చేతులు ఇంకా చాచే ఉన్నాయి.

"బతిమాలుతున్నానురా," అన్నాడు.