జియావుద్దీన్ సాబ్ కారులో గ్యాస్ నిలవలేదు

లోకంలో ఒక్క మనిషి మీద కేసు పెట్టే వీలుంటే రఫీక్ దాన్ని జియావుద్దీన్ సాబ్ మీదే పెట్టేవాడు. ఆర్మూర్ నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా దోహాలో స్టోర్ కీపర్‌గా చేస్తూ, మదీనత్ ఖలీఫాలో ఒక విల్లా వెనక రెండు గదుల్లో ఉంటున్న పెద్దమనిషి. చూడగానే సలాం చేయాలనిపించే తెల్లగడ్డం. అంత గడ్డం పెట్టుకుని ఒక పేద ఏసీ మెకానిక్‌ను మోసం చేస్తాడని ఎవరనుకుంటారు?

ఆ ఏళ్లలో దోహాలో చమురు డబ్బు ఎంత పొంగిందంటే, ఏసీ చెడితే జనం కారే మార్చేసేవారు. సాబ్ మాత్రం తొంభై మూడు మోడల్ తెల్లకారునే పట్టుకుని వేలాడాడు.

జూన్ నెల మిట్టమధ్యాహ్నం ఆ కారు ఇండస్ట్రియల్ ఏరియా గ్యారేజీలోకి వచ్చి ఆగింది. పక్కసీట్లోంచి గడ్డం దిగింది. స్టీరింగ్ వైపు నుంచి ఆయన కూతురు జకియా దిగింది. ఏదో క్లినిక్‌లో రిసెప్షనిస్టు. చెమటకు స్కార్ఫ్ నుదుటికి అతుక్కుపోయింది.

"ఇందులో ఏసీ గ్యాస్ నింపిన మహానుభావుడెవరు?" అంది ఉర్దూలో.

మెట్‌పల్లిలో ఏడో తరగతితో బడి మానేసిన రఫీక్‌కు నాలుగు భాషలొచ్చు. భయమేస్తే మాత్రం తెలుగే వస్తుంది.

"నేనే మేడం. ఏమైంది?"

ఆమె కూడా తెలుగులోకి దిగింది. కోపం ఏమీ తగ్గలేదు.

"ఏమైందా? లోపల రొట్టెలు కాలుతున్నయ్! వారం కిందనే కదా మా అబ్బా వచ్చింది? గ్యాస్ నింపినవా, నోటితోటి ఊది పంపినవా?"

"గ్యాసే మేడం. పాత బండి గదా, ఎక్కడనో లీకుంటది."

"లీకుంటే నింపుడెందుకు, రఫీక్ భాయ్?" అంది చొక్కా మీది పేరు చదివి.

ముప్పై ఏళ్ల బ్రహ్మచారికి ఆ 'భాయ్' ఎండకన్నా గట్టిగా తగిలింది.

"పోనియ్ బేటీ," అన్నాడు సాబ్ గడ్డం నిమురుకుంటూ. "మంచి పిల్లగాడు. మళ్లొకసారి చూస్తడు." ఆయన చూపుడువేలికి బ్యాండేజీ ఉంది. రఫీక్ దాన్ని పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది.

పైపులన్నీ సబ్బునురగ పెట్టి చూశాడు. ఎక్కడా బుడగ రాలేదు. జకియా పక్కనే నిలబడి ఇన్‌స్పెక్టర్‌లా ప్రశ్నలు వేసింది.

"ఇదేంది?"

"గ్యాస్ ఎక్కించే మూతి. లోపల చిన్న పిన్ను ఉంటది. దాన్ని నొక్కితే ఉన్న గ్యాసంతా బుస్సుమని పోతది."

"ఎవరు నొక్కినా పోతదా?"

"ఎవరు నొక్కినా పోతది."

"అట్లనా," అని ఆమె ఆ మూతిని చాలా శ్రద్ధగా చూసింది.

నెల గ్యారంటీ కాబట్టి గ్యాస్ ఉచితం. వారం తిరిగేసరికి కారు మళ్లీ వచ్చింది. రఫీక్ విసుక్కోలేదు. కంప్రెసర్ సీలు మార్చాడు, ఇద్దరికీ కడక్ చాయ్ తెప్పించాడు. ఆ చాయ్ సగం అయ్యేలోపు 'రఫీక్ భాయ్' ఉత్త రఫీక్ అయ్యాడు.

"ఈసారి లోపల రంగు నూనె వేస్తున్న," అన్నాడు. "నీలం లైటు కొడితే లీకున్న తాన పచ్చగ మెరుస్తది. ఇగ తప్పించుకోలేదు."

జకియా చాయ్ గ్లాసు పక్కన పెట్టింది. "శుక్రవారం అల్ వుకైర్ నుంచి ఒకాయన నన్ను చూడనీకి వస్తుండు. ముఖ్తార్ అట. ఇంజనీరు. కొత్త బండి ఉన్నదట."

రఫీక్ బిగించిన నట్టునే మళ్లీ బిగించాడు. "దాంట్ల ఏసీ ఎట్లుంటదట?"

"ఫ్రిజ్ లెక్క."

"అంత చలి మంచిది కాదు. కీళ్లు పట్టుకుంటయ్."

"గిదేనా నువ్వు చెప్పేది?"

"మరేం చెప్పాలె?"

"ఏం లేదు. బోనెట్ మూయి!"

ఆ వారమంతా ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేటలోని తన గదిలో రఫీక్ అన్నం ముందు కూర్చుని ఏం చెప్పాలో వెతుక్కున్నాడు. శుక్రవారం తర్వాత వెతికి లాభం లేదని తెలిసినా ఒక్క మాటా దొరకలేదు.

గురువారం కారు వచ్చింది, తండ్రీకూతుళ్లు దిగారు. గ్యాస్ సున్నా. రఫీక్ షట్టర్ దించి, చీకట్లో నీలం లైటు వెలిగించాడు. పైపులు శుభ్రంగా ఉన్నాయి. కండెన్సర్ కూడా. ఆ మూతి చుట్టూ మాత్రం పచ్చటి వేలిముద్రలు. లైటు పక్కకు తిప్పాడు. జకియా బొటనవేలు మిణుగురులా వెలిగింది.

"నువ్వా?"

"సోమవారం ఒక్కసారే నొక్కిన," అంది ఆమె వేలు దాచుకుంటూ. "గ్యాస్ పోతేనే కదా నువ్వు కనబడేది!"

రఫీక్ నోట్లోంచి కూడా నిజమే వచ్చింది.

"ఈ లైటు నా దగ్గర మొదటిసంది ఉన్నది. తీస్తే లీకు దొరుకుతదని, నువ్వు ఇగ రావని, తియ్యలే."

"పిచ్చోడా!"

"మరి అంతకుముందు పోయిన గ్యాస్ ఎవరు..."

వెనక ఎవరో దగ్గారు. రఫీక్ లైటు అటు తిప్పాడు. చీకట్లో ఒక గడ్డం, దాని మీద ఒక ముక్కు, పైన టోపీ, అన్నీ పచ్చగా ధగధగలాడుతూ గాల్లో తేలుతున్నాయి.

"చాచా!" అని అరిచాడు రఫీక్.

"అరవకు బేటా. కోపం రాని అల్లుడు కావాలనుకున్న. అందుకే నొక్కిన. మొదటిసారి వేలు కాలింది." పచ్చగడ్డం నిమురుకున్నాడు. "ప్రతిసారి గట్టిగ బుస్సుమనేది. ఈ మంగళవారం నొక్కితే సప్పుడే రాలే. అప్పుడే అర్థమైంది, నాకన్న ముందు ఇంట్ల ఇంకెవరో నొక్కిన్రని."

జకియా స్కార్ఫ్‌తో ముఖం కప్పుకుంది.

"మరి ముఖ్తార్ సాబ్?" అన్నాడు రఫీక్.

"ఆయన కొత్త బండి టైర్ల గాలి తీసిన. వచ్చి చూసి, పాపం వాచ్‌మన్ మీదికి చెయ్యెత్తిండు. నేను పక్కనే ఉన్న. పొద్దుగాల ఫోన్ చేసి రావద్దన్న."

నెలలోపే ఆ రెండు గదుల్లో నిఖా. పెళ్లికొడుకు పెళ్లికూతురికి ఇవ్వాల్సిన మెహర్ ఎంతని ఖాజీ అడిగాడు. రఫీక్ ఐదు వందలు అనబోయాడు.

"బేటా," అన్నాడు జియావుద్దీన్ సాబ్ ఎంతో ప్రేమగా, "ఇన్నేండ్లల్ల మొత్తం ఎంత కూడబెట్టినవ్?"

పదిమంది పెద్దల ముందు, సంతోషంలో ఉన్న మనిషి, లెక్క పొల్లుపోకుండా చెప్పేశాడు.

"అంతా రాయండి ఖాజీ సాబ్."

"పైన నలభై వదిలెయ్యి అబ్బా," అంది తెర వెనక నుంచి జకియా. "టాక్సీకన్న ఉండనియ్."

"కారున్నది కదా బేటీ!"

ఖాజీ రాశాడు. పదకొండు వేల మూడు వందల నలభై రియాళ్లు.